ప్రస్తుతానికి

కొండపి వేలం కేంద్రంలో
పొద్దున తొమ్మిదింబావు నుంచీ నెట్టు పోతా వస్తా ఉంది.
పోతే పూర్తిగా పోదు, అదీ పేచీ.
పోయిందిలే అని చెయ్యి తీసేలోపు
కళ్ళు తెరుస్తుంది.

ఒంగోలు నుంచి బండి మీద వచ్చాను.
సంచిలో క్రింపింగు ప్లయరు, డబ్బాడు కనెక్టర్లు,
టెస్టరు, సగం తిన్న ఇడ్లీ పొట్లం.
సూపరింటెండెంటు గారు నన్ను చూడగానే
మూడు కంప్యూటర్లూ ఒకేసారి చూపించారు,
జ్వరమొచ్చిన పిల్లల్ని ఆరెంపీ ముందు నిలబెట్టినట్టు.

"ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండి" అన్నాను.
"పొద్దుట్నుంచీ అదే పని" అంది సువార్త
కీబోర్డు మీది పొగాకు రజను ఊదుతూ.

పింగు కొట్టాను.
పింగంటే పెద్ద విద్యేం కాదు.
ఈ గట్టు మీంచి ఆ గట్టుకి ఓయ్ అని కేకేసి
ఆఁ అని వినపడేదాకా కాచుకోవడం.
ఓయ్. ఆఁ.
ఓయ్. ఆఁ.
ఓయ్.

ఓయ్.

ఓయ్. ఆఁ, ఏంది?

రూటరు మార్చాను. స్విచ్చి మార్చాను.
వైర్ల తలలు కత్తిరించి కొత్తవి కట్టాను:
తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం,
తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ.
పదమూడో ఎక్కం మర్చిపోయాను గానీ
ఈ ఎనిమిది పోగుల వరస నిద్రలో లేపినా చెప్తాను.
దీపాలన్నీ వెలిగాయి.
నాలుగు నిమిషాలు.

బయట వరసల్లో బేళ్ళు,
బేలు పక్కన బేలు గలాయన.
కొనేవాళ్ళ చేతుల్లో మిషన్లు తెల్లమొహం వేశాయి.
ఒక కంపెనీ బయ్యరు ఫోన్లో నవ్వుకుంటూ
టీ కొట్టు వైపు నడిచాడు.
అతని వీపునే చూస్తా ఉన్నారు అందరూ.

అప్పుడన్నాడు మాల్యాద్రి,
గడప దగ్గర గొంతుక్కూర్చున్న మనిషి:
"అబ్బయ్యా, నాకీ కంప్యూటర్లు తెలవ్వు గానీ
కాటా మీద బేలు పడ్డప్పుడల్లా
లోపల మీవోళ్ళు అయ్యో అంటన్నారు."

ఒక బేలు ఎత్తి వేయించాను.
దబ్.
ఓయ్ అన్నాను. జవాబు లేదు.

కాటా పక్క చెక్క లేపి, గోతాం పట్టా తీసి,
చేత్తో తడుముకుంటూ పోతే దొరికింది జాయింటు.
నల్ల టేపు మూడు చుట్లు,
చివర చిన్న మడత.
మళ్ళీ విప్పడం తేలికని అట్లా మడుస్తాను నేను.
ఈ చుట్టుపక్కల అట్లా మడిచేవాడు
ఇంకొకడు లేడు.

పోయినేడు కాదు, అంతకుముందేడు,
వాన పడతా ఉంది, చీకటి పడతా ఉంది.
ప్రస్తుతానికి సరిపోద్దండీ
అన్నది నా గొంతే.

"ఎలకా?" అన్నారు సూపరింటెండెంటు గారు.
"ఎలకేనండీ" అన్నాను.

నలభై మీటర్లు కొత్త వైరు, పైపులో వేసి
గోడ మీదగా తిప్పాను.
దబ్. ఆఁ.
దబ్. ఆఁ.
బయ్యరు గ్లాసు పారేసి వెనక్కొచ్చాడు.

మాల్యాద్రి నా పక్కన నడుస్తా చెప్పాడు:
పోయిన నెల్లో ఆయనవి మూడు బేళ్ళు
నో బిడ్ అని తిరిగొచ్చాయంట.
"ఆపొద్దు గూడా లోపల అయ్యో అన్నారు."
ఆటో బాడుగ ఎంతయిందో కూడా చెప్పాడు,
నేను అడక్కుండానే.
మంచినీళ్ళు కావాలా అని అడిగాడు.

బిల్లు రాశాను. వైరు, పైపు, మేకులు.
"కూలీ రాయలేదే?" అంది సువార్త.
"ప్రస్తుతానికి..." అని
నాలిక కరుచుకున్నాను.

టంగుటూరు దాటాక బండి ఆపి
జేబులోంచి పాత జాయింటు తీశాను.
మడత పట్టుకుని లాగితే
నిజంగానే
తేలిగ్గా వచ్చింది.